సీనియర్ లూచా లిబ్రే రెస్లర్ కెరీర్‌ని రివ్యూ చేయాలంటే ఏ మ్యాచ్‌లు చూడాలి? ఎలా చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు టెన్ స్పోర్ట్స్ రోజుల నుంచి డబ్ల్యూడబ్ల్యూఈ చూస్తున్నారు. రే మిస్టీరియో, ఎడ్డీ గెరెరో వల్ల మెక్సికో రెస్లింగ్ మీద, అంటే లూచా లిబ్రే మీద ఆసక్తి పుట్టింది. ఎవరో చెప్తే అట్లాంటిస్ అనే మెక్సికో రెస్లర్ 2014లో ఆడిన మాస్క్ మ్యాచ్, అంటే ఓడినవాడు మాస్క్ తీసేయాల్సిన మ్యాచ్ చూశారు. మ్యాచ్ నెమ్మదిగా అనిపించింది, పైగా చివర్లో జనం ఎందుకు ఏడుస్తున్నారో అంతుపట్టలేదు. అయినా ఆయన కెరీర్ మీద వరసగా రివ్యూలు రాయాలని ఉంది. ఏ మ్యాచ్‌లు తీసుకోవాలి, ఏ వరుసలో చూడాలి, ఫలితం ముందే నిర్ణయమైపోయే ఆటలో అసలు రివ్యూ చేయడానికి ఏముంటుంది, ఎలా రాయాలి అని అడిగారు. చివర్లో అట్లాంటిస్ జూనియర్ ఆయన సొంత కొడుకేనా అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు. 2014 మ్యాచ్‌ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. 1991లో బ్లూ పాంథర్‌తో జరిగిన టైటిల్ మ్యాచ్‌తో మొదలుపెట్టండి. తర్వాత 2000లో వియానో తెర్సెరోతో మాస్క్ మ్యాచ్ చూడండి. 2014లో ఉల్తిమో గెరెరోతో జరిగిన మ్యాచ్‌కి ఆ తర్వాతే రండి. వీటి మధ్య అదే కాలపు మామూలు మ్యాచ్‌లు, అంటే మెక్సికో సిటీలోని అరీనా మెక్సికో హాల్లో వారం వారం శుక్రవారం జరిగేవి, కొన్ని కలుపుకోండి. ప్రతి మ్యాచ్ దగ్గర ఒకే ప్రశ్న వేసుకోండి: ఇంతకు ముందు చేయగలిగిన దేన్ని ఈయన ఇప్పుడు మానేశాడు, దాని స్థానంలో ఏం పెట్టాడు? సీనియర్ రెస్లర్ కెరీర్ రివ్యూకి నాకు తెలిసి ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న లేదు. నేను చాలా ఏళ్లుగా లూచా మ్యాచ్‌లు చూసి నోట్స్ రాసుకుంటున్నాను, రెస్లింగ్ అంటే ఇష్టమున్న స్నేహితులతో పంచుకుంటున్నాను. ఆ అలవాటు నుంచి చెప్తున్న మాటలివి.

ముందు ఫలితం సంగతి తేల్చుకుందాం, అది తేలకపోతే మిగతాదంతా వృథా. మన ఊళ్లలో పద్యనాటకం ఆడుతుంటే రాయబారం ఫలించదని తెలియని ప్రేక్షకుడు ఒక్కడూ ఉండడు. అయినా పద్యం బాగా పాడితే వన్స్ మోర్ అంటాం, రాగం తేలిపోతే మొహం మీదే చెప్పేస్తాం. అరీనా మెక్సికోలో కూర్చున్నవాళ్లూ అంతే. ఎవరు గెలుస్తారన్నది ఎక్కడో తేలిపోయి ఉంటుందని వాళ్లకు తెలుసు. ఆ గెలుపుని ఎంత కష్టపడి, ఎంత నమ్మించి రాబట్టారన్నదే వాళ్ల లెక్క. మ్యాచ్ నిజంగా నచ్చితే రింగ్‌లోకి నాణేలు, నోట్లు విసురుతారు. మీ రివ్యూ కూడా ఆ లెక్కలోనే ఉండాలి.

ఇప్పుడు మనిషి గురించి. అట్లాంటిస్ 1962 సెప్టెంబర్‌లో పుట్టాడు. గ్వాదలహారాలో దియాబ్లో వెలాస్కో దగ్గర శిక్షణ తీసుకుని 1983 జూన్‌లో రెస్లింగ్ మొదలుపెట్టాడు. వెలాస్కో శిష్యుడంటే మెక్సికోలో దానికో విలువ ఉంది. ఆ జిమ్ నుంచి వచ్చినవాళ్లకి పట్లు, అంటే చాప మీద పడుకోబెట్టి చేతులూ కాళ్లూ మెలేసే పని, బాగా వచ్చి ఉంటుందని జనం ముందే ఊహిస్తారు. అట్లాంటిస్‌ది నీలం, తెలుపు డ్రెస్సు. ‘పిల్లల ఆరాధ్యుడు’ అని బిరుదు. చాలా కాలం టెక్నికోగానే, అంటే మంచివాళ్ల పక్షంలోనే ఉన్నాడు. 2000ల మధ్యలో రుడోగా, అంటే చెడ్డవాళ్ల పక్షానికి మారి ఉల్తిమో గెరెరోతో చేతులు కలిపాడు. ఆ గ్రూపు పేరు కూడా ‘గెరెరోస్ దె లా అట్లాంటిదా’ అయింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, 2014 మ్యాచ్ మీకు అర్థం కాకపోవడానికి సగం కారణం ఇదే.

మ్యాచ్‌లకు వెళ్లేముందు కొన్ని నియమాలు తెలియాలి. వీటిని తెలుసుకోకుండా రివ్యూ రాసినవాళ్లు చాలామంది పప్పులో కాలేశారు. పెద్ద మ్యాచ్‌లు మూడు ఫాల్స్‌లో, అంటే మూడు విడతల్లో జరుగుతాయి, రెండు గెలిచినవాడు విజేత. తల నేలకు కొట్టే పైల్‌డ్రైవర్‌ని అక్కడ మార్తినెతే అంటారు. అది నిషిద్ధం, చేస్తే అక్కడికక్కడే డిస్‌క్వాలిఫై. అమెరికా మ్యాచ్‌లో మామూలుగా కనిపించే ఆ దెబ్బకి మెక్సికోలో హాలంతా ఒక్కసారి గుండె పట్టుకుంటుంది. ఎదుటివాడి మాస్క్ పూర్తిగా లాగేసినా డిస్‌క్వాలిఫై అవుతారు. అందుకే రుడోలు దాన్ని లాగేయరు, లేసులు వదులు చేస్తారు, గుడ్డ చింపుతారు. ఇంకో విషయం, మెక్సికోలో పట్లు ఎక్కువగా కుడి వైపు పడతారు, అమెరికాలో ఎడమ వైపు. మీ కళ్లు ఎడమకు అలవాటుపడి ఉంటాయి కాబట్టి మొదట్లో కదలికలు ఏదో తేడాగా, అతకనట్టుగా అనిపిస్తాయి. నాలుగైదు మ్యాచ్‌లు చూస్తే సర్దుకుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం, టైటిల్ మ్యాచ్ వేరు, పందెం మ్యాచ్ వేరు. టైటిల్ మ్యాచ్‌లో బరువు తరగతి ఉంటుంది, మర్యాద ఉంటుంది. రుడో కూడా చాలావరకు శుభ్రంగా ఆడతాడు, తన దగ్గర అసలు విద్య ఎంత ఉందో చూపిస్తాడు. మాస్క్‌నో జుట్టునో పణంగా పెట్టే పందెం మ్యాచ్‌లో ఆ మర్యాదలేవీ ఉండవు. రక్తం, చిరిగిన మాస్కులు, బయటికి దూకే దూకుళ్లు, చావోరేవో అన్నట్టుగా ఉంటుంది. మొదటిదాంట్లో రక్తం లేదని, రెండోదాంట్లో టెక్నిక్ లేదని మార్కులు కోస్తే అది రివ్యూ రాసినవాడి లోపం. మీ సిరీస్‌లో ఈ రెండు రకాలకీ వేర్వేరు కొలతలు పెట్టుకోండి.

ఇక 1991 ఆగస్టు 9. బ్లూ పాంథర్‌తో మిడిల్‌వెయిట్ టైటిల్ మ్యాచ్. నేను ఎవరికైనా లూచా పరిచయం చేయాలంటే ఇదే ముందు చూపిస్తాను. వచ్చినవాళ్లలో సగం మంది మొదటి పది నిమిషాల్లోనే ఫోన్ తీస్తారు. అప్పుడు వీడియో వెనక్కి తిప్పి ఒక్క పని చేయమంటాను: ఇద్దరి మొహాలూ కనిపించవు కాబట్టి చేతులు మాత్రమే చూడండి. మణికట్టు ఎవరి చేతిలో ఉంది, అది ఎప్పుడు చేతులు మారింది, పట్టు విడిపించుకోవడానికి పైనున్నవాడి బరువుని కిందున్నవాడు ఎటు జరిపాడు. అలా చూస్తే మొదటి ఫాల్ ఒక సంభాషణలా నడుస్తుంది. ఒకడు అడుగుతాడు, రెండోవాడు జవాబిస్తాడు, ఆ జవాబు మీద ఇంకో ప్రశ్న వస్తుంది. పాంథర్‌ని ‘మాయెస్త్రో లగునేరో’ అని ఎందుకంటారో ఇక్కడ తెలుస్తుంది. అట్లాంటిస్‌కి అప్పుడు 28 ఏళ్లు. ఎగరగల శరీరం ఉన్నా ఎగరడానికి తొందరపడడు, ఎదుటివాడి పట్టులో ఉండటానికి, అక్కడి నుంచి నింపాదిగా బయటపడటానికి సిద్ధపడతాడు. ఎవరు గెలిచారో నేను చెప్పను, చూసి తెలుసుకోండి. ఈ మ్యాచ్‌లో మీరు నోట్ చేసుకునే ప్రతి పట్టూ తర్వాతి మ్యాచ్‌లకి కొలబద్ద అవుతుంది.

1990లో కుంగ్ ఫూ మాస్క్, 1993 అక్టోబర్ 1న ఆయన ఆడే సీఎంఎల్‌ఎల్ కంపెనీ 60వ వార్షికోత్సవంలో మానో నెగ్రా మాస్క్ కూడా అట్లాంటిస్ గెలిచాడు. వీటి మీద ఒక్కో పేరా రాస్తే చాలు. అప్పటికే ఆయన ఇతరుల మాస్కులు తీయించే మనిషిగా ఎదుగుతున్నాడని పాఠకుడికి తెలియాలి, అంతవరకే.

2000 మార్చి 17, అరీనా మెక్సికో, అట్లాంటిస్ వర్సెస్ వియానో తెర్సెరో. మీరు ఒకే ఒక్క రివ్యూ రాసేటట్టయితే దీని మీదే రాయండి. రెస్లింగ్ అబ్జర్వర్ న్యూస్‌లెటర్ వాళ్లు ఆ ఏడాది ప్రపంచంలోనే ఉత్తమ మ్యాచ్‌గా దీన్నే ఎన్నుకున్నారు. అయితే అవార్డు చూసి మొదలుపెడితే మ్యాచ్ చేతికి చిక్కదు, వియానో నుంచి మొదలుపెట్టండి. ఆయన రే మెందోసా కొడుకు. మెందోసా పాత తరంలో పెద్ద ఛాంపియన్. 1975లో అట్లాంటిస్ ఆడే ఈ పాత కంపెనీ నుంచే విడిపోయి యూడబ్ల్యూఏ అనే పోటీ కంపెనీ పెట్టినవాళ్లలో ఆయనొకడు. కొడుకులు వియానో అనే పేరుకి వరుస నంబర్లు పెట్టుకుని మాస్కులతో దిగారు. మూడోవాడు ఆ పోటీ కంపెనీలోనే పేరు సంపాదించాడు. 1995కల్లా ఆ కంపెనీ మూతపడింది. 2000లో అరీనా మెక్సికో రింగ్‌లోకి నడిచొచ్చేనాటికి వియానోకి 48 ఏళ్లు నిండబోతున్నాయి, దాదాపు 30 ఏళ్లుగా ఆ మాస్క్ వెనకే బతికాడు. అంటే ఆ రాత్రి పణంగా పెట్టింది ఒక కుటుంబం పేరు, మూతపడిన ఒక కంపెనీ జ్ఞాపకం.

ఇది పందెం మ్యాచ్, అయినా 1991 నాటి చదువు ఇందులో కనిపిస్తుంది. ఇక్కడ వియానో వయసు చూడండి. 37 ఏళ్ల అట్లాంటిస్‌తో పరుగులో పోటీ పడలేడు. అందుకని మ్యాచ్‌ని తన వేగానికి దించుతాడు. ప్రతి దెబ్బ తర్వాత ఒక క్షణం ఆగుతాడు. హాలులో వాళ్లకి ఆ దెబ్బని తలచుకునే సమయం దొరుకుతుంది. ఆ వయసులో బయటికి దూకినప్పుడు చప్పట్లలో మెచ్చుకోలు ఎంతుందో భయం కూడా అంతే ఉంటుంది. రివ్యూలో మూవ్స్ పేర్లు వరసగా రాసుకుంటూ పోతే ఇదంతా జారిపోతుంది. ప్రతి పెద్ద మూవ్‌కి ముందూ తర్వాతా ఎంత సేపు ఆగారో గమనించండి, వయసు మీద పడ్డ రెస్లర్ ప్రతిభంతా అక్కడే ఉంటుంది.

ముగింపు అట్లాంటిదా. అట్లాంటిస్ తన పేరు పెట్టుకున్న పట్టు ఇది. ఎదుటివాణ్ణి వెల్లకిలా ఎత్తి రెండు భుజాల మీద అడ్డంగా వేసుకుంటాడు. ఒక చెయ్యి గడ్డం దగ్గర, ఇంకో చెయ్యి తొడ దగ్గర. రెండు చివరలూ కిందికి గుంజుతుంటే మధ్యలో వెన్ను విల్లులా వంగుతుంది. టీవీలో అందరూ పైనున్నవాడి మాస్క్ వైపు చూస్తారు, కానీ మీరు కిందున్నవాడి మోకాళ్లు చూడండి. 80 కిలోలు దాటిన మనిషిని భుజాల మీద మోస్తూ కాళ్లు ఎంత వెడల్పుగా పెట్టాడు, పట్టు బిగించేముందు భుజాల మీద బరువుని ఎన్నిసార్లు సర్దుకున్నాడు. ఇదే పట్టుని 2014లో మళ్లీ చూస్తారు కాబట్టి ఇప్పుడే ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

వియానో లొంగిపోయాడు. తర్వాత జరిగింది కూడా మ్యాచ్‌లో భాగమే, వీడియో ఆపకండి. ఓడినవాడు రింగ్ మధ్యలో నిలబడి అసలు పేరు, ఊరు, ఎన్నేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాడో చెప్తాడు. మాస్క్ వెనక లేసులు ఒక్కో వరస వదులవుతాయి. ఒకసారి పోయిన మాస్క్‌తో మళ్లీ రింగ్ ఎక్కకూడదన్నది నిబంధన. ఆ రాత్రి ఆర్తురో దియాస్ మెందోసా ముఖాన్ని మెక్సికో చూసింది. వియానో 2018 ఆగస్టులో చనిపోయాడు. నేను ఈ మ్యాచ్ ఇప్పుడు చూసినా ఆ భాగం దగ్గర గొంతు పట్టేస్తుంది, ఆ సంగతి దాచుకోవాల్సిన అవసరం నాకు కనిపించలేదు. మీకూ అలా అనిపిస్తే రివ్యూలో రాయండి. స్టార్ రేటింగ్ కన్నా ఆ వాక్యమే పాఠకుడికి ఎక్కువ చెప్తుంది.

ఇక్కడ కాసేపు ఆగి మామూలు మ్యాచ్‌లు చూడండి. మెక్సికో రెస్లర్ జీవితంలో ఎక్కువ భాగం ముగ్గురు వర్సెస్ ముగ్గురు మ్యాచ్‌లే. జట్టుకో కెప్టెన్ ఉంటాడు. కెప్టెన్‌ని ఓడించినా, మిగతా ఇద్దరినీ ఓడించినా ఆ ఫాల్ గెలిచినట్టే. చేతికి చెయ్యి తాకించనక్కర్లేదు, ఒకడు రింగ్ బయటికి పడితే అతని జట్టులో ఇంకొకడు లోపలికి రావచ్చు. అందుకే అంత గందరగోళంగా కనిపిస్తుంది. పెద్ద మ్యాచ్‌లు మాత్రమే చూసి కెరీర్ మీద తీర్పు చెప్పడం నాకు నచ్చదు. వారం వారం జరిగే మ్యాచ్‌లో అట్లాంటిస్ ఎంత పని చేశాడు, కుర్రవాళ్లకి ఎంత చోటు వదిలాడు, ఏ క్షణం కోసం తన శక్తిని దాచుకున్నాడు అన్నది చూస్తేనే సీనియర్ ఎలా నిలబడ్డాడో తెలుస్తుంది. రుడోగా ఉన్న కాలంలోవి తప్పకుండా కొన్ని తీసుకోండి. రుడో ఎగరక్కర్లేదు. కొట్టాలి, దెబ్బ తినాలి, జనాన్ని రెచ్చగొట్టాలి. నలభైలు దాటిన శరీరానికి ఆ పక్షం మారడం ఎంత కలిసొచ్చిందో నా దృష్టిలో ఇంకా ఎవరూ సరిగ్గా రాయలేదు. మీరు రాస్తే నేనే మొదట చదువుతాను.

ఇప్పుడు మీరు చూసిన 2014 సెప్టెంబర్ 19 మ్యాచ్. అట్లాంటిస్‌కి 52 నిండటానికి ఇంకా తొమ్మిది రోజులుంది. ఉల్తిమో గెరెరోకి 42. ఒకప్పుడు ఒకే జట్టులో ఉన్నవాళ్లు, ఆ జట్టు పేరులోనే ఇద్దరి పేర్లూ ఉండేవి. పైగా జనం ఈ మ్యాచ్ కోసం ఏడాది ఎదురుచూశారు. 2013లో కంపెనీ వార్షికోత్సవంలో ఈ ఇద్దరూ ఒక జోడీగా, లా సోంబ్రా, వొలాదోర్ జూనియర్ ఇంకో జోడీగా తలపడ్డారు. ఓడిన జోడీలోని ఇద్దరూ మాస్కులు పణంగా పెట్టి ఒకరితో ఒకరు ఆడాలన్నది షరతు. జనం అట్లాంటిస్, గెరెరో మ్యాచ్ కోసం టికెట్లు కొన్నారు. కానీ ఓడింది రెండో జోడీ. హాలంతా గోల చేసింది. ఆ కోపం, ఆ ఎదురుచూపు 2014 రాత్రి హాల్లో ఉన్నాయి. మీరు వీడియో తెరిచినప్పుడు మీకు లేనివి అవే.

ఇక నెమ్మది సంగతి. మీరు చెప్పింది నిజమే, అట్లాంటిస్ నెమ్మదిగానే ఉన్నాడు. 1991తో పోలిస్తే చాప మీద పని తగ్గింది. ఈ కాలపు మ్యాచ్‌ల తీరు కూడా మారింది, మొదటి రెండు ఫాల్స్ త్వరగా ముగించి బరువంతా మూడోదాని మీద పెడుతున్నారు. నాకు ఈ మార్పు ఇష్టం లేదు, అయినా సీనియర్‌కి ఇది అనుకూలమే అని ఒప్పుకోవాలి. అట్లాంటిస్ ఇక్కడ తన దగ్గర మిగిలినవాటిని చాలా పొదుపుగా వాడతాడు. జనానికి తన మీద ఉన్న 30 ఏళ్ల నమ్మకమే ఆయన పెద్ద ఆస్తి. ఆ మాస్క్ ఇవాళ పోతుందేమో అన్న భయం వల్ల ప్రతి పిన్ దగ్గర, అంటే భుజాలు నేలకి అదిమి మూడు లెక్కపెట్టే చోట, జనం ఊపిరి బిగబడుతుంది. గెరెరో వైపు కూడా చూడండి. మ్యాచ్ వేగం, దెబ్బలు తినే పని చాలావరకు ఆయన భుజానే వేసుకున్నాడు. సీనియర్ గొప్ప మ్యాచ్ ఆడాడంటే ఎదుటివాడు ఎంత మోశాడో రివ్యూలో తప్పకుండా చెప్పాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు, అది అన్యాయం.

ముగింపులో మళ్లీ అట్లాంటిదా. 2000 స్క్రీన్‌షాట్ పక్కన పెట్టుకుని చూడండి. ఎత్తగలడా లేదా అన్న ప్రశ్న అప్పుడు లేదు, ఇప్పుడు ఉంది. అదే పట్టు, కానీ దానికి కొత్త టెన్షన్ వచ్చింది. ఆ టెన్షన్‌ని ఇచ్చింది వయసే. గెరెరో లొంగిపోయాక మాస్క్ తీసి హోసే గుతియెర్రెస్ ఎర్నాందెస్ అని పేరు చెప్పాడు. జనం ఎందుకు ఏడ్చారన్న మీ ప్రశ్నకి ఇదే నా జవాబు. ఒకడి పేరు బయటపడటాన్నీ, ఇంకొకడు ఆ వయసులో ఇంకా నిలబడి ఉండటాన్నీ వాళ్లు ఒకేసారి చూశారు.

తర్వాతి ఏడాది 2015 సెప్టెంబర్ 18న లా సోంబ్రా మాస్క్ కూడా అట్లాంటిసే గెలిచాడు. సోంబ్రా అప్పటికి పాతికేళ్లవాడు, అట్లాంటిస్ రెస్లింగ్ మొదలుపెట్టిన ఆరేళ్లకు పుట్టినవాడు. మాస్క్ పోయిన కొద్ది నెలల్లోనే డబ్ల్యూడబ్ల్యూఈకి వెళ్లి ఆంద్రాదె అయ్యాడు, మీరు చూసే ఉంటారు. మ్యాచ్‌గా ఇది 2014 నాటి మ్యాచ్ స్థాయికి రాదని నా అభిప్రాయం. కానీ మీకు తెలిసిన ముఖం ఇందులో ఉంది కాబట్టి సిరీస్‌లో పెట్టుకోండి, మీ పాఠకులకు దారి సులువవుతుంది.

రాసే పద్ధతి గురించి కూడా అడిగారు. నేను ప్రతి మ్యాచ్ మొదటిసారి ఏమీ రాయకుండా చూస్తాను. రెండోసారి సౌండ్ తీసేసి శరీరాలు మాత్రమే చూస్తాను. మూడోసారి కామెంటరీ పట్టించుకోకుండా జనం గొంతు వింటాను. స్పానిష్ రాకపోయినా పర్వాలేదు, పిల్లలు ఎక్కడ అరిచారో, ఎక్కడ హాలు సద్దుమణిగిందో భాష లేకుండానే తెలుస్తుంది. స్టార్లు ఇవ్వాలనిపిస్తే చివర్లో ఇచ్చుకోండి, కానీ 1991 మ్యాచ్‌కీ 2014 మ్యాచ్‌కీ ఒకే స్కేలు మీద మార్కులు వేయకండి. 28 ఏళ్ల మనిషినీ, 51 ఏళ్ల మనిషినీ ఒకే గీత మీద నిలబెడితే ఇద్దరి గురించీ తప్పే చెప్తారు.

ఒక జాగ్రత్త. ఆన్‌లైన్‌లో దొరికే పాత వీడియోలు చాలావరకు టీవీ నుంచి రికార్డు చేసినవి, మధ్యలో కోతలుంటాయి. మొదటి ఫాల్ కోసేసిన కాపీ చూసి పేసింగ్ మీద వ్యాఖ్యానం రాయకండి. మూడు ఫాల్స్ ఉన్నాయో లేదో, వాళ్లు రింగ్‌లోకి నడిచొచ్చే దగ్గర నుంచి ఉందో లేదో ముందే చూసుకోండి. 1980ల మ్యాచ్‌లు దొరకడం ఇంకా కష్టం. అందుకే నా జాబితా 1990ల నుంచి మొదలైంది.

అట్లాంటిస్ కొడుకు గురించి అడిగిన చివరి ముక్కకి జవాబు: అవును, అట్లాంటిస్ జూనియర్ సొంత కొడుకే. 2022 సెప్టెంబర్ 16న స్తూకా జూనియర్ మాస్క్ గెలిచాడు. అది పై మూడూ చూశాక చూడండి. తండ్రి నుంచి ఏం తీసుకున్నాడో, ఏం వదిలేశాడో మీకు మీరే పట్టుకోగలుగుతారు. బ్లూ పాంథర్ మ్యాచ్ రివ్యూ ముందు రాసి ఇక్కడ పెట్టండి. పట్ల పేర్లు తెలియక ఎక్కడైనా ఆగిపోతే టైమ్ రాసి అడగండి, చూసి చెప్తాను.